నశ్యం బుడ్డి

నా పని గీతలు గీయడం.
ఎవరి నుంచి ఎవరికి, ఏ రోజున, ఎంత దగ్గరగా.
జబ్బుకి ఇంకా పేరు పెట్టలేదు,
ఒక అంకె ఇచ్చారు, అంతే.

ఉలాన్‌బాతర్‌లో మొదటి గీత
పన్నెండంతస్తుల భవనం లిఫ్టు దగ్గరే ఆగిపోయింది.
"ఎవరెవరిని కలిశారు?"
"ఎవర్నీ కలవలేదు" అన్నాడు ఎన్ఖ్‌తూర్,
దగ్గు మధ్యలో, నిజాయితీగా.
బస్సులో అరవైమంది ఊపిరి మధ్య నిలబడి వచ్చాడు.
బ్యాంకు వరసలో ఒక మెడ వెనక అరగంట.
ఆ మెడ మీది పుట్టుమచ్చ గుర్తుంది,
ముఖం చూడలేదు.
నా కాగితం నిండా చుక్కలే,
చుక్కకీ చుక్కకీ మధ్య ఏమీ లేదు,
వాన మొదలైన ఇసుకలా.

కొండవాలున గుడారాల పేటలో ఇంకా కష్టం.
అక్కడ చలికాలమంతా బొగ్గు పొగ,
చలికాలమంతా అందరిదీ దగ్గే.
నీళ్ల కేంద్రం ముందు డబ్బా మీద కూర్చున్న పిల్ల
నన్ను ఎగాదిగా చూసి అడిగింది:
"ఏ దగ్గు కావాలి నీకు?"

వారానికి నాలుగు వందల చుక్కలు.
తర్వాత లెక్కపెట్టడం మానేశాం.

ఏప్రిల్లో గోబీ వైపు పంపారు.
తొమ్మిది గంటలు, తెల్ల జీపు, డ్రైవరు దామ్‌దిన్ ఈల.
పొరుగిల్లంటే పదకొండు కిలోమీటర్లు.
ఇక్కడికి రాదులే అని నేనే రాశాను ఫిబ్రవరి నివేదికలో,
'దూరమే రక్ష' అని, కింద సంతకం కూడా పెట్టి.
చాప కింద నీరులా వచ్చిందందామంటే
ఈ నేలలో నీరేదీ?

సెరెన్‌దూలమ్ అవ్వకి డెబ్బై ఒకటి.
నేను అడక్కముందే మొదలుపెట్టింది:
మేకల ఉన్ని దువ్వే మూడోరోజు,
ఉన్ని కొనే జాంబల్ వచ్చాడు పట్నం నుంచి.
ఎడమ దీపం పగిలిన బండి.
నశ్యం బుడ్డి అందించాడు, కుడిచేత్తో, మర్యాదగా.
పగడపు మూత తీసి వాసన చూసి తిరిగిచ్చాను.
మర్నాడు దువ్వడానికి సాయం వచ్చిన ఓయూన్‌బిలెగ్‌కి నా బుడ్డి.
అతను ఎర్ర గుర్రం మీద వాళ్ల మామ దగ్గరికి.
మామ, చుక్కల గుర్రం మీద, పురుడొచ్చిన కూతురింటికి.

నా పెన్ను ఎక్కడా ఆగలేదు.
ప్రతి గీతకీ ఒక పేరు,
ప్రతి పేరుకీ ఒక గుర్రం రంగు.
పద్నాలుగు గుడారాలు, నూట యాభై కిలోమీటర్లు,
ఒంటె వెంట్రుకల తాడులా ఎక్కడా తెగని గీత.
పట్నంలో ఒక మధ్యాహ్నం చేసిన పని
ఇక్కడ పంతొమ్మిది రోజులు తీసుకుంది.
అక్కడ ఒకరికొకరు తెలియక అంటుకుంది.
ఇక్కడ పిలిచి కూర్చోబెట్టి,
పాలటీ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఇస్తే అంటుకుంది.

నెమ్మదిగా వచ్చింది కదా,
నెమ్మదిగానే పోతుందనుకున్నారు.
ఊరి ఆసుపత్రిలో రెండు ఆక్సిజన్ సిలిండర్లు.
ఒకటి ఖాళీ.
రెండోదాని తాళంచెవి ఉన్నాయన కూడా జ్వరంతో పడుకున్నాడు.
మామ పోయాడు.
ఆ పురిటింట్లో పసిదానికి ఇంకా పేరు పెట్టలేదు.

నేను లేవబోతుంటే అవ్వ
చేతి మడతలోంచి బుడ్డి తీసింది.
అలవాటు. నలభై ఏళ్లుగా
ఈ గుమ్మంలోంచి ఎవరూ అది అందుకోకుండా వెళ్లలేదు.
తొడుగు వేసుకున్న కుడిచేత్తో తీసుకున్నాను.
రాయి వెచ్చగా ఉంది.
మూత తీయలేదు.
ముక్కు దగ్గర పెట్టినట్టు పెట్టి తిరిగిచ్చాను.
అవ్వ చూసింది.
ఏమీ అనలేదు, బుడ్డిని తుడవనూ లేదు,
వెచ్చదనం చల్లారేదాకా అరచేతిలోనే ఉంచుకుంది.

జీపులో కాగితం విప్పాను.
దామ్‌దిన్ ఈ పూట ఈల వేయడం లేదు.
గీత చివర ఒక చోటు ఖాళీగా ఉంది.
బుడ్డి అందుకున్నదాన్ని కదా, రాశాను:
సోలొంగో.
గుర్రం రంగు: తెల్ల జీపు.